ఆదివారం వరి కుప్ప వేశారని నాన్నగారిని బల్లకి దూరం పెట్టారు, ఇది వాక్యానుసారమేనా?

సార్వాచేను:

అందరికీ వందనాలు. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మాది కోనసీమ, నాన్నగారు కౌలు రైతు. మొన్న సార్వా కోతలప్పుడు చేను కోసేసి పనలు పొలంలోనే ఆరుతున్నాయి, శనివారం రాత్రి తుఫాను హెచ్చరిక వచ్చింది. ఆదివారం తెల్లారకముందే నాన్నగారు కూలీలను పిలిచి పనలు కట్టించి, గట్టు మీదకి చేర్చి, కుప్ప వేసి బరకం కప్పేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. ఆరాధనకి వెళ్లలేకపోయారు. వరి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, పనలు నీళ్లలో నానితే గింజ మొలకొచ్చేస్తుంది, రంగు మారిన ధాన్యాన్ని మిల్లువాళ్లు ముట్టుకోరు, పంట పోయినా కౌలు మాత్రం కట్టాల్సిందే.

తర్వాత పెద్దలు మీటింగ్ పెట్టి, విశ్రాంతి దినం మీరారు కాబట్టి సంఘం ముందు నిలబడి ఒప్పుకునేదాకా బల్లలో, అంటే ప్రభువు రాత్రి భోజనంలో, పాలు పొందవద్దని చెప్పారు. నాన్నగారు ఎదురు మాట్లాడే మనిషి కాదు, సరేనండి అని వచ్చేశారు. అప్పటినుంచి రొట్టె, ద్రాక్షారసం వచ్చే వేళకి తల దించుకుని కూర్చుంటున్నారు. చూడలేకపోతున్నాను.

నేను ఒక పెద్దాయనతో మాట్లాడాను. ఆయన పది ఆజ్ఞలు చెప్పి, తర్వాత సంఖ్యాకాండం 15లో విశ్రాంతి దినాన కట్టెలు ఏరుకున్నవాడి సంగతి తీశారు, వాడిని రాళ్లతో కొట్టి చంపారు కదా. నేను మార్కు 2 చెప్పాను, విశ్రాంతి దినం మనిషి కోసమే గానీ మనిషి దాని కోసం కాదని యేసే అన్నారు కదండీ అని. దానికాయన, "శిష్యులు ఆకలితో వెన్నులు తెంపుకుని తిన్నారు, మీ నాన్నగారు ఆ పూట ఆకలితో ఉన్నారా?" అన్నారు. నాకు జవాబు తోచలేదు.

నా ప్రశ్నలు ఇవే. కనికరం అనేది ప్రాణం మీదకి వచ్చినప్పుడే వర్తిస్తుందా, పంటకి వర్తించదా? ఇంకోటి, ఆదివారం అసలు సబ్బాతేనా, అంటే బైబిల్ చెప్పిన విశ్రాంతి దినమేనా?

వాక్యధ్యాని:

బ్రదర్, ఆకలి ఉంటేనే అనే వాదన మార్కు 2 దగ్గర ఆగితే నిలుస్తుంది, పేజీ తిప్పితే నిలవదు. మార్కు 3 మొదట్లోనే ఊచచెయ్యి గలవాడు ఉన్నాడు. అతని ప్రాణానికి ఆ రోజు వచ్చిన ముప్పేమీ లేదు, సూర్యాస్తమయం అయ్యాక బాగుచేసినా చెయ్యి అక్కడే ఉంటుంది. అయినా యేసు అతన్ని మధ్యలో నిలబెట్టి, విశ్రాంతి దినాన మేలు చేయడం న్యాయమా, కీడు చేయడం న్యాయమా, ప్రాణం కాపాడటమా, చంపడమా అని అడిగాడు. వాళ్లు నోరు మెదపలేదు. ఆయన వాళ్లవైపు కోపంతో చూశాడనీ, వాళ్ల హృదయ కాఠిన్యానికి దుఃఖపడ్డాడనీ మార్కు రాశాడు.

లూకా 13 ఇంకా సూటిగా ఉంటుంది. 18 ఏళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని యేసు సమాజమందిరంలో బాగుచేస్తే, మందిరపు అధికారి ఆమెనీ ఆయననీ వదిలేసి జనం మీద మండిపడ్డాడు: పని చేయడానికి ఆరు రోజులున్నాయి, ఆ రోజుల్లో వచ్చి బాగుపడండి, విశ్రాంతి దినాన కాదు అని. మీ పెద్దాయన తర్కం అక్షరాలా ఇదే. దానికి యేసు ఇచ్చిన జవాబు ఎద్దు, గాడిద. మీరు వాటిని విశ్రాంతి దినాన కట్టు విప్పి నీళ్లకి తోలుకెళ్లరా, అబ్రాహాము కుమార్తె అయిన ఈమెని కట్టు నుంచి విడిపించకూడదా అన్నాడు.

మీ కేసుకి నేరుగా పనికొచ్చేది మత్తయి 12:11. ఒక్క గొర్రె ఉన్నవాడి గొర్రె గుంటలో పడితే విశ్రాంతి దినాన పైకి తీయడా అని అడుగుతాడు. అది ఆస్తి, మనిషి ప్రాణం కాదు. ఒక్కటే గొర్రె ఉన్నవాడు అని ప్రత్యేకంగా అన్నాడు చూడండి. మంద ఉన్నవాడి సంగతి వేరు, కౌలు రైతు సంగతి వేరు.

కట్టెలు ఏరినవాడి కథ తీస్తే ఒక్కమాట అడగండి, రాళ్లతో కొట్టే భాగం వదిలేసి కట్టెల భాగం ఒక్కటే ఎందుకు ఉంచుకున్నారని.

పాతదారి:

అందరూ ఒకే వైపు రాస్తారని తెలుసు కాబట్టి నేను రెండో వైపు రాస్తాను. బల్ల ఆపడం ఎక్కువే, అది ఒప్పుకుంటాను. కానీ పెద్దలని పరిసయ్యులు, అంటే యేసుతో ధర్మశాస్త్రం మీద వాదించిన యూదు గుంపులాంటివాళ్లు, అనేసి చేతులు దులుపుకోకండి.

నిర్గమకాండం 34:21 చదవండి. దున్నే కాలంలోనూ, కోసే కాలంలోనూ విశ్రాంతి తీసుకోవాలని ఉంది. ఖాళీగా ఉన్న రోజుల్లో మానడం ఎవడైనా చేస్తాడు, చేతి నిండా పని ఉన్నప్పుడు మానడమే పరీక్ష అని దేవుడికి ముందే తెలుసు. నెహెమ్యా 13లో విశ్రాంతి దినాన ద్రాక్షగానుగ తొక్కేవాళ్లనీ, పనలు గాడిదల మీద వేసుకొచ్చేవాళ్లనీ చూసి నెహెమ్యా యెరూషలేము తలుపులు మూయించాడు. వాళ్లకీ పంట పోతుందనే భయం ఉండే ఉంటుంది.

ఎరిక్ లిడెల్‌ని గుర్తు చేసుకోండి. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ ఆదివారం పడ్డాయని ఆ పరుగే వదిలేశాడు. 400 మీటర్లకి మారి 47.6 సెకన్లలో బంగారు పతకం గెలిచాడు. గెలవకపోయినా అతను చేసింది సరైనదే.

నా భయం ఏంటంటే, ఇవాళ తుఫాను, రేపు మిల్లు లారీ ఆదివారమే వస్తుంది, ఎల్లుండి పిల్లాడి ట్యూషన్, ఆ తర్వాత మటన్ కొట్టు దగ్గర క్యూ. ప్రతివాడికీ తన పని కనికరంగానే కనిపిస్తుంది. మా ఊళ్లో ఆదివారం ఆరాధనకి వచ్చేవాళ్లలో సగం మంది చివరి పాటకి ముందే ఫోన్ చూసుకుంటూ జారుకుంటారు. పెద్దలు ఎక్కడో ఒకచోట గీత గీయాలి కదా.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

నేను సెవెంత్‌డే కుటుంబంలో పుట్టి పెరిగాను, కాబట్టి సబ్బాతు మాకు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం వరకు. వృత్తి నర్సు. పాతదారి బ్రదర్ అంటున్న గీత సంగతి మాకు బాగా తెలుసు, చిన్నప్పుడు శుక్రవారం సాయంత్రానికల్లా వంట, బట్టలు, ఇల్లు అన్నీ ముగించాలని అమ్మ మమ్మల్ని పరుగులు పెట్టించేది.

కానీ అదే సంఘం నూజివీడులో గిఫర్డ్ మెమోరియల్ హాస్పిటల్ నడుపుతోంది. శనివారం వార్డుకి తాళం వేయరు కదా! పురుడు నొప్పులు క్యాలెండర్ చూసుకుని రావు. మాకు నేర్పింది ఏంటంటే, రోగి సేవ సబ్బాతుని మీరడం కాదు, వాయిదా వేయగల ఆపరేషన్లు, లెక్కలు, బిల్లుల పనులు మాత్రం ఆ రోజు పెట్టుకోకూడదు. మాలో కొందరు సబ్బాతు డ్యూటీ జీతం ఇంటికి తీసుకెళ్లకుండా దానంగా ఇచ్చేస్తారు. గీత గీయడం తెలిసిన సంఘానికే లోపల కనికరానికి చోటు ఉంచడం కూడా తెలుసు, నా అనుభవం అది. రెండూ కొట్టుకోవు.

ఆదివారం సబ్బాతేనా అన్నదానికి, తమ్ముడూ, నన్ను అడిగితే కాదు అంటాను, నా పక్షపాతం దాచుకోను. అయితే ఒక తమాషా సంగతి. ఆదివారాన్ని మొదట చట్టం చేసింది రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్, క్రీ.శ. 321లో. న్యాయాధికారులు, పట్టణాల జనం, చేతిపనులవాళ్లు ఆ రోజు పని మానాలన్నాడు. పొలం పనివాళ్లకి మాత్రం మినహాయింపు ఇచ్చాడు. విత్తనం వేయడానికో తీగలు నాటడానికో సరిగ్గా ఆ రోజే అనుకూలంగా ఉండొచ్చు, ఆ అదను తప్పితే దేవుడిచ్చిన ఫలం పోతుంది అని కారణం కూడా రాయించాడు. మీ నాన్నగారిని ఆ రాజు వదిలేసేవాడు, మీ పెద్దలు వదల్లేదు.

గుంటూరు_లూథరన్:

సిస్టర్ చెప్పినది బాగుంది. రోజు విషయంలో మాది మూడో దారి. 1530 నాటి మా లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 28వ అధికరణలో ఈ గొడవకి నేరుగా జవాబుంది. సబ్బాతు స్థానంలో ఆదివారాన్ని సంఘం తన అధికారంతో రక్షణకి అవసరమైన ఆజ్ఞగా పెట్టింది అనుకునేవాళ్లు పొరబడుతున్నారని అందులో ఉంది. జనం ఎప్పుడు కూడుకోవాలో తెలియాలి కాబట్టి ఒక రోజు ఏర్పాటు చేసుకున్నాం, అంతే. కొలస్సయులకు 2:16లో పౌలు కూడా విశ్రాంతి దినం విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చనివ్వకండి అన్నాడు. ఇది పెద్దలకి చూపించండి.

ప్రెస్బిటేరియన్లు మాకంటే చాలా కఠినం, ఆదివారమే క్రైస్తవ సబ్బాతు అంటారు. వాళ్ల వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రకటన 1640లలో రాసింది. ఆ రోజంతా ఆరాధనకీ, దాంతోపాటు అత్యవసరమైన పనులకీ కనికరపు పనులకీ అని అందులోనే ఉంది. క్యాథలిక్కుల సత్యోపదేశంలో కుటుంబ అవసరాలు, ముఖ్యమైన సామాజిక సేవ ఆదివారపు విశ్రాంతి నుంచి మినహాయింపుకి సరైన కారణాలే అనీ, కాకపోతే అది అలవాటుగా మారకుండా చూసుకోవాలనీ ఉంది. ఇంత కఠినమైనవాళ్లూ తలుపు తెరిచే ఉంచారు. మీ పెద్దలు ఎవరి దగ్గర నేర్చుకుని మూశారో అడగాలి.

పాతదారి బ్రదర్, లిడెల్ కథ మీరు సగమే చెప్పారు. తర్వాత ఆయన చైనాలో మిషనరీ అయ్యాడు, యుద్ధంలో జపాన్ వాళ్లు వేహ్సియెన్ శిబిరంలో నిర్బంధించారు. అక్కడ పిల్లలకి ఆటలు ఆడించేవాడు, ఆదివారం మాత్రం ఆటలు వద్దనేవాడు. ఓ ఆదివారం పిల్లలు తమంతట తామే హాకీ ఆడుకుని, అజమాయిషీ చేసేవాళ్లు లేక కొట్టుకున్నారు. తర్వాతి ఆదివారం లిడెలే వచ్చి రిఫరీగా నిలబడ్డాడు. 1945 ఫిబ్రవరిలో, విడుదల చూడకుండానే, ఆ శిబిరంలోనే చనిపోయాడు. ఒలింపిక్ పతకం కోసం కదలనివాడు బందీలుగా ఉన్న పిల్లల కోసం కదిలాడు. తన కోసమైతే ఒక కొలత, పక్కవాడి కోసమైతే ఇంకో కొలత, నాకు ఆయనలో నచ్చేది ఇదే.

పాతదారి:

శిబిరం సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు థాంక్స్. అయితే మీరు చెప్పిన కొలతే తీసుకుందాం, కుప్ప వేసింది పక్కవాడి కోసమా తన కోసమా?

మిష్నా_విద్యార్థి:

రెండు విషయాలు. మొదటిది, పరిసయ్యులు అంటే రాతిగుండెవాళ్లు అన్నట్టు మన ప్రసంగాల్లో చెప్పడం నాకు నచ్చదు. ప్రాణాపాయం అనే అనుమానం ఉన్నా చాలు సబ్బాతు పక్కకి తప్పుకుంటుందని క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలోనే ఉంది. సబ్బాతు మీ చేతికి అప్పగించబడింది గానీ మీరు సబ్బాతు చేతికి కాదు అనే అర్థం వచ్చే మాట రబ్బీల (యూదు బోధకుల) నోట కూడా ఉంది, మార్కు 2:27కి ఎంత దగ్గరగా ఉందో చూడండి. అంతకుముందు, యేసుకి పూర్వం యూదులు గ్రీకు రాజు మీద తిరగబడిన మక్కబీయుల కాలంలో, శత్రువులు మీద పడితే సబ్బాతు నాడు చెయ్యి ఎత్తకుండా సుమారు వెయ్యి మంది చచ్చిపోయారు. అది చూశాకే తిరుగుబాటు నాయకుడు మత్తతీయా, అతనితో ఉన్నవాళ్లు ఆ రోజు మీద పడితే తిరిగి పోరాడదామని తీర్మానించుకున్నారు. అంటే ఈ చర్చ యూదుల ఇంట్లో ఎప్పటినుంచో నడుస్తున్నదే. దమస్కు పత్రం అని ఒక కఠినమైన యూదు గుంపు రాసుకున్న నియమాలు ఉన్నాయి, ఆ గుంపువాళ్లు గుంటలో పడ్డ పశువుని కూడా సబ్బాతు నాడు తీయకూడదన్నారు. యేసు "మీలో ఎవడు తీయడు" అని అడిగాడంటే ఎదుట ఉన్నవాళ్లు తీసేవాళ్లే అన్నమాట. పరిసయ్యులు అక్కడ మెతకవైపు.

రెండోది మీకు ఇబ్బంది కలిగించేది. మిష్నా లెక్కించిన 39 రకాల నిషిద్ధ పనుల్లో కోయడం, పన కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం వరసగా ఉన్నాయి. మీ నాన్నగారు చేసింది సరిగ్గా ఈ నాలుగిట్లో రెండోది. ఆస్తి నష్టం ఒక్కటే కారణమైతే ఆ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. ఇల్లు తగలబడుతుంటే కూడా మూడు పూటల తిండి బయటికి తెచ్చుకోవచ్చు, ఒంటి మీద వేసుకోగలిగినన్ని బట్టలు తెచ్చుకోవచ్చు, అంతే. కాబట్టి మీ పెద్దాయన గాల్లోంచి మాట్లాడలేదు. అయితే ఆయన యేసు బల్ల దగ్గర కూర్చుని ఆ మాట అంటున్నాడు, అక్కడే తేడా. యేసు దీర్ఘరోగుల విషయంలో ఆ గీత దాటి వెళ్లాడు, పైగా పరుపెత్తుకుని నడువు అని యోహాను 5లో బరువు కూడా మోయించాడు.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. కోడెక్స్ బేజే అనే పాత చేతిరాత ప్రతి కేంబ్రిడ్జిలో ఉంది. అందులో లూకా 6లో ఒక చిన్న సంఘటన అదనంగా కనిపిస్తుంది. సబ్బాతు నాడు పని చేస్తున్న ఒకణ్ణి చూసి యేసు, నువ్వు చేస్తున్నది ఏమిటో నీకు తెలిస్తే నువ్వు ధన్యుడివి, తెలియకపోతే శాపగ్రస్తుడివి, ధర్మశాస్త్రం మీరినవాడివి అన్నాడట. మన బైబిళ్లలో లేదు, అసలు సువార్తలో భాగమని పండితులు ఎక్కువమంది అనుకోరు. కానీ పాతదారి బ్రదర్ ప్రశ్నకి నా జవాబు దీంట్లోనే ఉంది. అదే పని ఒకడు తెలిసి చేస్తాడు, ఇంకొకడు లెక్కలేక చేస్తాడు.

ఆదివారం_వంటిల్లు:

మగవాళ్లందరూ బాగా రాశారు. ఇప్పుడు నాదొక ప్రశ్న. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారికీ పెద్దలకీ ప్రేమ విందు వండేది ఎవరండీ? తెల్లవారుజామున లేచి ఉల్లిపాయలు కోసి, మసాలా నూరి, గిన్నెలు తోమి, మధ్యలో వాక్యం సగం విని మళ్లీ పొయ్యి దగ్గరకి పరిగెత్తే మమ్మల్ని ఏ పెద్దాయనా మీటింగ్‌కి పిలవలేదు, బల్లా ఆపలేదు. ఆ పని పని కాదా? తమకి అవసరమైన పని పరిచర్య, రైతుకి అవసరమైన పని ఆజ్ఞ మీరడం, అంతేనా.

ద్వితీయోపదేశకాండం 5 చదవండి. అక్కడ ఆజ్ఞకి కారణంగా సృష్టిని చెప్పలేదు, ఐగుప్తులో మీరు దాసులుగా ఉన్నారు గుర్తు చేసుకోండి అన్నాడు. నీ దాసుడూ నీ దాసీ నీలాగే విశ్రాంతి తీసుకోవాలి అని ఉంది. అంటే ఆ ఆజ్ఞే కూలివాడి కోసం పెట్టిన కనికరం. కనికరం ఒకవైపు, ఆజ్ఞ ఒకవైపు అని మీరంతా రెండు కుప్పలు పోస్తున్నారు, నాకు అర్థం కావట్లేదు.

కాబట్టి సార్వాచేను తమ్ముడూ, నిన్ను కూడా అడుగుతాను, ఏమీ అనుకోకు. మీ నాన్నగారి కౌలు కష్టం సరే, ఆ ఆదివారం పనలు మోసిన కూలీలకి విశ్రాంతి ఎప్పుడు దొరికింది? వాళ్లలో విశ్వాసులు ఉంటే వాళ్ల ఆరాధన సంగతి? వాళ్లని కూడా పెద్దలు పిలిచారా, లేక కూలివాళ్లు కదా అని లెక్కలోకే తీసుకోలేదా?

సార్వాచేను:

అక్కా, ఏమీ అనుకోవట్లేదు, ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. నాన్నగారిని అడిగాను. వచ్చినవాళ్లంతా మా పేటవాళ్లే, ఇద్దరు మా సంఘంవాళ్లు. వాళ్లని పెద్దలు ఎవరూ పిలవలేదు. ఆ రోజు కూలి ఎక్కువే ఇచ్చారట, వర్షం పడ్డ నాలుగు రోజులూ ఎవరికీ పని లేదు కాబట్టి ఆ డబ్బే వాళ్లకి ఆధారమైందట. పాతదారి అన్నా, మీరు తన కోసమా పక్కవాడి కోసమా అన్నారు కదా, దీన్ని ఎటువైపు వేయాలో మీరే చెప్పండి.

కోడెక్స్ సంగతి చదివి వినిపిస్తే నాన్నగారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు, "ఒప్పుకోమంటే ఒప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదురా. కానీ వచ్చే ఏడు ఆదివారం తుఫాను వస్తే మళ్లీ కుప్ప వేస్తాను. అలాంటప్పుడు సంఘం ముందు పశ్చాత్తాపం అని చెప్తే అది దేవుడి దగ్గర అబద్ధం కాదా?"

పాతదారి:

ఆ కూలీల సంగతి ముందే చెప్పి ఉంటే నేను లిడెల్ జోలికి వెళ్లేవాణ్ణి కాదు. నాన్నగారు అన్న మాట పెద్దల దగ్గర ఒక్క అక్షరం మార్చకుండా చెప్పమనండి. అబద్ధపు ఒప్పుకోలు చెప్పించి బల్ల ఇవ్వడం కంటే ఆదివారం పని చేసినవాడికి ఇవ్వడం నయం, ఇది గీత గీయాలనే నేనే అంటున్నాను. అయితే మీరు వాదనకి దిగకండి, పెద్దమనిషి పక్కన కొడుకు గొంతు పెంచితే అసలు విషయం పక్కకి పోయి మర్యాద విషయం పైకి వస్తుంది.

గుంటూరు_లూథరన్:

ముందు పాస్టరు గారిని ఒంటరిగా కలవండి. మత్తయి 18:15 ప్రకారం తప్పు ఉంటే మొదట ఒంటరిగా వచ్చి మాట్లాడాలి, మీ పెద్దలు ఆ మెట్టు దాటేసి నేరుగా మీటింగ్ పెట్టారు. అది ఆయన దృష్టికి తేండి. కొలస్సయులు, లూకా 13 ఆ తర్వాత.

సార్వాచేను:

గురువారం మా ఇంట్లోనే గృహ ప్రార్థన ఉంది, పాస్టరు గారు వస్తారు. అయ్యాక కాసేపు ఉండమని అడుగుతాను. ఆ రోజు వంట నేనే చేస్తానని అమ్మకి చెప్పాను, నమ్మలేదు.